చెంగయ్య కాలు

నగరి,
జూన్ 9

చిరంజీవి చంద్రికకు మామ మురుగేష్ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. ఉత్తరమన్నాక మొదట ఆ మాట ఉండాలి కాబట్టి రాశాను, చదివి పక్కన పెట్టు.

ఫోన్ ఉండగా ఈ కాలంలో ఉత్తరమేమిటని నీ హాస్టల్ పిల్లలు నవ్వుతారేమో. నవ్వనీ. ఇన్నేళ్ళుగా పవర్‌లూమ్ పక్కన నిలబడిన చెవులు ఇవి. నువ్వు ఫోన్‌లో ఎంత అరిచినా నాకు సగం కూడా అందదు. మెసేజ్ పెడదామంటే ఫోన్ మీ అత్త నాగరత్నమ్మ చేతిలో ఉంటుంది. ఆమె దాన్ని షెడ్డులో అందరికీ చదివి వినిపించి, అందరి అభిప్రాయమూ తీసుకుని, ఆ తర్వాత నాకు చెబుతుంది. ఉత్తరమైతే పోస్ట్‌మాన్ నా చేతికే ఇస్తాడు. నాది నాకే.

నీ చదువు సంగతి ఇక్కడ ఎవరికీ అంతుపట్టలేదు. "మీ అక్క కూతురు తిరపతిలో ఏం సదవతాండాది?" అని అడిగితే కప్పల మీద పరిశోధన అన్నాను. అప్పట్నుంచి వీధిలో నీ పేరు కప్పల డాక్టరమ్మ. పెళ్ళి సంబంధాలు వస్తే ఆ పేరు నేను దాచిపెడతాలే. కప్ప చర్మం నుంచి పుండ్లకు మందు తీస్తున్నామని పోయినసారి వచ్చినప్పుడు చెప్పావు కదా, అదెంతవరకు వచ్చింది?

నాకోసం కాదు, చెంగయ్య కోసం అడుగుతున్నాను. పక్క షెడ్డు చెంగయ్య. వాడికి ఎడమ కాలి బొటనవేలి కింద పుండు. ఏదో గుచ్చుకుని ఉంటుంది, గుచ్చుకున్నప్పుడు తెలియలేదట. నొప్పి లేదు. నొప్పే లేనప్పుడు భయమెందుకని నేనే ధైర్యం చెప్పాను. కానీ ఉగాది నుంచి చూస్తున్నాడు, మానడం లేదు పాపం. మందు వస్తే చెప్పు.

ఈ విషయం మీ అమ్మకు చెప్పొద్దు. చెంగయ్య కాలి సంగతి మీ అమ్మకెందుకు?

మామ
మురుగేష్


తిరుపతి,
జూన్ 17

మామకు చంద్రిక నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి హాస్టల్‌లో ఎవరూ నవ్వలేదు. కుళ్ళుకున్నారు. నా పక్క గది అమ్మాయి కవరు మీద స్టాంపును ఎప్పుడూ చూడనిదాన్ని చూసినట్టు చూసింది.

మందు సంగతి అడిగావు. చెబుతాను, అత్తకు కూడా చెప్పు, ఆమె నేను కప్పల్ని కోస్తున్నానని బాధపడుతోంది.

కప్పలు ఎప్పుడూ తడిలో, బురదలో ఉంటాయి. బురదనిండా క్రిములే. అయినా వాటి ఒళ్ళు కుళ్ళదు. వాటి చర్మం మీది జిగురులో క్రిముల్ని చంపే చిన్న ప్రోటీన్ ముక్కలుంటాయి. పెప్టైడ్‌లు అంటాం. పొట్టి పూసలదండ అనుకో. మామూలు యాంటీబయాటిక్ బిళ్ళ క్రిమి లోపలికి పోయి అక్కడ జరిగే ఏదో ఒక పనిని ఆపుతుంది. క్రిమి మొండిది. ఆ పనిని ఇంకో రకంగా చేసుకోవడం నేర్చుకుంటుంది, అంతటితో ఆ బిళ్ళ పని అయిపోతుంది. ఈ పెప్టైడ్‌లు చాలావరకు నేరుగా క్రిమి పైపొరకే అతుక్కుని చిల్లులు పొడుస్తాయి. ఒళ్ళంతా చిల్లులు పడ్డాక దానికి నేర్చుకునే తీరిక ఉండదు. అసలు నేర్చుకోదని కాదు, చాలా ఆలస్యంగా నేర్చుకుంటుంది. ఇవి కప్పల సొత్తు మాత్రమే కాదు మామా, నీ చర్మంలోనూ నీ కన్నీళ్ళలోనూ ఇలాంటివి ఉన్నాయి. ఆస్పత్రుల్లో ఇంకే మందూ పని చేయనప్పుడు వాడే వాటిలో ఒకటి ఈ జాతిదే. అది కిడ్నీలను దెబ్బతీస్తుంది కాబట్టి డాక్టర్లు భయపడుతూ వాడతారు.

మాది శేషాచలం అడవి అంచున వానాకాలంలో కనిపించే ఒక కప్ప. అటవీశాఖ అనుమతితో పట్టి, ఒంటి మీది జిగురు కొంచెం తీసుకుని అక్కడే వదిలేశాం. ఒక్కదాన్నీ చంపలేదు. పూసల వరుస తెలిసిపోయింది కాబట్టి ఇప్పుడు కప్పతో పనే లేదు, యంత్రంతో తయారు చేయిస్తున్నాం. గాజు పళ్ళెంలో దాన్ని వేస్తే క్రిములు చస్తున్నాయి. ప్రస్తుతానికి అంతే. ఇంకా చాలా పరీక్షలు, ఆ తర్వాత ఎలుకలు, ఆ తర్వాత ఎప్పటికో మనుషులు. చెంగయ్య మామ కాలు అన్నాళ్ళు ఆగదు.

నొప్పి లేదన్నావే, నాకు భయం వేసింది ఆ మాటకే. షుగరున్నవాళ్ళకు పాదాల్లో నరాలు మొద్దుబారతాయి. నొప్పి తెలియక వాళ్ళు పుండు మీదే నడుస్తారు, అది లోపలికి పోతుంది. వెంటనే ఆస్పత్రికి తీసుకుపో.

అయినా చెంగయ్య మామకు షుగరెక్కడిది? మన రెండిళ్ళలో షుగరున్నది నీకు కదా.

నీ
చంద్రిక


నగరి,
జూలై 2

చిరంజీవి చంద్రికకు ఆశీస్సులు.

చెంగయ్యకు షుగరుంది. ఈమధ్యే వచ్చింది. ఊళ్ళో అందరికీ వస్తోంది, వాడికి మాత్రం రాకూడదా?

నీ పూసలదండ సంగతి వాడికి చదివి వినిపించాను. బిళ్ళల్ని చూసి క్రిమి నేర్చుకుంటుందన్న చోట వాడి మొహం మాడిపోయింది. ఎందుకంటే వాడు చేస్తున్నది అదే. మెడికల్ షాపులో నాలుగు బిళ్ళలు తెచ్చుకుంటాడు, పుండు ఆరినట్టు కనిపిస్తే ఆపేస్తాడు, మళ్ళీ చీము పడితే ఇంకో రంగు బిళ్ళలు తెచ్చుకుంటాడు. ఈపాటికి వాడి కాలిలో ఉన్న క్రిమి నీకంటే ఎక్కువ చదివి ఉంటుంది.

శుభ్రం విషయంలో మాత్రం వాడిని వేలెత్తి చూపడానికి లేదు. మగ్గం ఉన్న ఇంట్లో దెబ్బకు పాతగుడ్డ కట్టరు. అది మాకు నామోషీ. మగ్గం మీంచి అప్పుడే దిగిన తెల్లగుడ్డ, ఎవరూ కట్టనిది, నీళ్ళూ సబ్బూ కూడా తగలనిది, దాన్ని చించి కడతాం. మా నాయన కట్టుకున్నదీ అదే. చెంగయ్య రోజూ కొత్త గుడ్డ చించి కట్టుకుంటున్నాడు. పెద్దాస్పత్రిలో కూడా అంత కొత్త గుడ్డ దొరకదు, పందెం.

ఆస్పత్రికి రమ్మంటే మాత్రం వినడు. "పోతే కాలు తీసేస్తారప్పా, నేను పోను" అంటాడు. నాకూ అదే అనిపిస్తుంది.

కాబట్టి ఒక పని చెయ్యి. నీ మందు చిన్న సీసాలో కొంచెం పోసి సుబ్బన్న చేతికివ్వు. వారం వారం మన బట్టల మూటలు తిరుపతి అంగళ్ళకు వేసుకొస్తాడు కదా, తిరిగి వచ్చేటప్పుడు జేబులో పెట్టుకొస్తాడు. పళ్ళెంలో చచ్చే క్రిమి కాలి మీద చావకుండా పోతుందా? క్రిమి క్రిమే కదా పాపా. ఎవరికీ చెప్పనులే. చెంగయ్య కూడా చెప్పడు.

మామ


తిరుపతి,
జూలై 13

మామకు,

శుక్రవారం తిరుచానూరుకు పోయాను. అమ్మవారి గుడి బయట పూలంగళ్ళ దగ్గర ఎవరు కనిపించారో తెలుసా? చెంగయ్య మామ. ఇంటిల్లిపాదినీ వెనకేసుకుని, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా, పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ పోతున్నాడు. నేను పరిగెత్తి పట్టుకోవాల్సి వచ్చింది.

"కాలెట్లుండాది మామా?" అన్నాను.

"ఎవురి కాలు?"

"నీ కాలే. బొటనేలి కింద పుండంట గదా."

"నాకేం పుండుమే? గుండ్రాయి మాదిరి ఉండాను, సూడు. పుండు మీ మామకు గదా..." అని నాలుక కరుచుకున్నాడు. ఆ తర్వాత ఎంత గుచ్చి అడిగినా "క్యూ పోతాందిమ్మే, క్యూ పోతాంది" అంటూ లోపలికి దూరిపోయాడు.

చెంగయ్య మామకు అబద్ధమాడటం రాదు. నీకొచ్చు. ఆ పూలంగడి ముందే నిలబడి ఏడ్చాను మామా. కోపంతో ఏడ్చానో భయంతో ఏడ్చానో నాకే తెలియదు. పూలమ్మే ఆమె మూర మల్లెపూలు ఊరికే ఇచ్చి పంపింది.

సీసా పంపను. ఎందుకో చెబుతాను, తిట్టుకుంటూ అయినా చదువు. మొన్న ఆ పెప్టైడ్‌ను మనిషి రక్తంలోంచి కడిగి తీసిన ఎర్రకణాల మీద వేసి చూశాం. కొంచెం వేస్తే ఏమీ కాలేదు. మోతాదు పెంచగానే అవి పగిలిపోయాయి, అడుక్కి దిగాల్సిన ఎరుపు నీళ్ళంతటా పాకింది. తక్కువగా ఉన్నప్పుడు అది క్రిమి పైపొరను వెతికి పట్టుకుంటుంది. ఎక్కువైతే క్రిమిది అనీ మనిషిది అనీ చూడదు. నీ పుండులో ఎంత తక్కువో, ఎంత ఎక్కువో నాకు తెలియదు, ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. పైగా కలిపి సిద్ధం చేసినదాన్ని ఐసులోంచి బయటపెడితే పాడవుతుంది. సుబ్బన్న జేబులో అది నగరి దాకా వస్తుందా?

మా గైడు సుదర్శనం సార్‌ను అడిగాను, ఎవరి కోసమో చెప్పకుండా. ఇలాంటి కప్ప మందునే ఒకదాన్ని చాలా ఏళ్ళ కిందట అమెరికాలో సరిగ్గా షుగరు పుండ్ల మీదే, ఎంతోమంది మీద పరీక్షించారట. ఉన్న మందుల కంటే మెరుగని తేల్చలేకపోయారు, అనుమతి రాలేదు. చెప్పి, నావైపు చూసి, "ఎవరికమ్మా పుండు?" అన్నారు.

ఆస్పత్రికి పో మామా. వారం చూస్తాను. పోకపోతే అత్తకు ఫోన్ చేస్తాను. షెడ్డంతా వినబడేలా చదువుతుందన్నావు కదా, చదవనీ.

చంద్రిక


నగరి,
జూలై 19

చంద్రికకు,

చిరంజీవి అని రాయలేదు, గమనించు. కోపంగా ఉన్నాను. అయినా చిరంజీవిగానే ఉండు.

అవును, పుండు నాకే. చెంగయ్యను ఇందులోకి లాగినందుకు వాడు నాతో మాట్లాడటం మానేశాడు. గుడి ముందు నిన్ను ఏడిపించానని వాడి పెళ్ళాం కూడా మాట్లాడటం లేదు.

మా నాయన కాలు సంగతి నీకు తెలియదు, నువ్వు పుట్టకముందు మాట. ఆయనకూ ఇలాగే వేలి కింద మొదలైంది. ఆస్పత్రికి పోయాడు. వేలు అన్నారు, పాదమన్నారు, చివరికి మోకాలి దాకా తీసేశారు. అప్పుడు మాది గుంటమగ్గం. కాలితో తొక్కితేనే నడిచే మగ్గం. ఊళ్ళో ఆయనంత నేతగాడు లేడు. కాలు పోయాక గడప పక్కన కూర్చుని ఆడవాళ్ళతో కలిసి కండెలకు నూలు చుట్టాడు. "నాయనా, తిన్నావా?" అంటే తల ఊపేవాడు. పోయేదాకా మగ్గం వైపు వీపు పెట్టుకునే కూర్చున్నాడు. నేనట్లా కూర్చోలేను. పవర్‌లూమ్‌కు తొక్కే పని లేదు, నిజమే, కానీ నాలుగు మగ్గాల మధ్య తిరిగే కాళ్ళు కావాలి. తెగిన పోగు దగ్గరికి వాడెవడో పోయి అతుకుతుంటే నేను కుర్చీలోంచి చూడాలా?

నీకు మొదటి కప్పను పట్టిచ్చింది నేను. ఆ పాత మగ్గం గుంటలోకి వాన నీళ్ళు చేరితే కప్ప దూకింది. నువ్వు గట్టు మీద కూర్చుని కావాలని ఏడిస్తే, పంచె తడుపుకుని దిగి పట్టి నీ చేతిలో పెట్టాను. నువ్వు భయపడలేదు. అది కూడా నీ చేతిలో కదలకుండా కూర్చుంది. ఆరోజే అనుకున్నాను, ఈ పిల్ల అందరిలాంటిది కాదని.

ఈరోజు నీ చేతిలో సీసా ఉంది, నా కాలికి పుండు ఉంది. ఎర్రకణాలు పగిలితే పగలనీ, నా ఒంట్లో ఇంకా చాలా ఉన్నాయి. కాలు ఒక్కటే. సీసా పంపు చంద్రికా. నేనింతవరకు నిన్ను ఏదీ అడగలేదు.

మురుగేష్


తిరుపతి,
జూలై 24

మామా,

సోమవారం మొదటి బస్సుకు వస్తున్నాను. చిత్తూరు ఆస్పత్రిలో మాట్లాడి పెట్టాను. అత్తకు ఫోన్ చేసి అంతా చెప్పాను, తిట్లు తిని ఉంటావు, ఇంకా ఉన్నాయి.

కట్టు విప్పకు. నడవకు. పాత రిపోర్టులు ఉంటే తీసిపెట్టు.

సీసా గురించి నీకు రాయాల్సింది ఏమీ లేదు. రెండు రోజులుగా ఈ ఒక్క వాక్యమే రాస్తూ కొట్టేస్తూ ఉన్నాను.

చంద్రిక


చిత్తూరు, ఆస్పత్రి నుంచి,
ఆగస్టు 16

చిరంజీవి చంద్రికకు ఆశీస్సులు.

చిరంజీవి తిరిగి వచ్చింది, చూసుకో.

రెండు వేళ్ళు పోయాయి. బొటనవేలు, దాని పక్కది. ఎముకలోకి చీము దిగిందట. పెద్ద డాక్టరు మొదట చీలమండ దగ్గర గీత గీసి చూపించాడు. నేను మొహం తిప్పుకున్నాను. మీ అత్త ఆయన చేతులు పట్టుకుంది. ఆయన మంచివాడు, "చూద్దాం" అన్నాడు. నీ ముందు తీసుకుపోయిన చీము పరీక్షలో తేలిందేమిటంటే, నేను మింగిన రంగురంగుల బిళ్ళలు ఒక్కటీ ఆ క్రిమికి పని చేయవట. చివరికి ఇంకో ఇంజెక్షన్ ఏదో దారికి వచ్చింది. గీత అక్కడే ఉండిపోయింది, కాలు తెగలేదు. పాదం ఉంది పాపా. రాసుకుంటూనే దానివైపు చూసుకుంటున్నాను.

డ్రెస్సింగ్ చేసే రెబెకా అమ్మకు నేను చెవిటివాణ్ణని తెలుసు కాబట్టి వార్డంతా వినబడేలా మాట్లాడుతుంది. ఆ మొదటి రోజు మనం కూర్చున్నప్పుడు నా కట్టు విప్పి ఆమె అన్న మాట నీకు గుర్తుందా? "ఏందయ్యా ఇది, గుడ్డా అప్పడమా?" పైన అప్పడంలాగా బిగుసుకుపోయింది, లోపలి పొర పుండుకు అంటుకుని జారుడుగా, పులిసిన వాసన. మగ్గం మీంచి దిగిన గుడ్డలో పడుగుకు పెట్టిన గంజి అట్లాగే ఉంటుంది కదా. ఉతికితేగానీ పోదు. రోజూ కొత్త గుడ్డ అని నేను గర్వంగా కట్టుకున్నదల్లా గంజి కట్టు. చీములో తడిసి, పుండు చుట్టూ చర్మాన్ని నానబెట్టి, క్రిములకు కూడు పెట్టింది. జీవితమంతా గంజి పెట్టిన నూలుతో బతికినవాణ్ణి, ఆ సంగతి తట్టలేదు. కొత్తది కాబట్టి శుభ్రం అనుకున్నాను. తప్పు గుడ్డది ఒక్కటే కాదని డాక్టరన్నాడు. షుగరు, నడక, సగం సగం బిళ్ళలు, అన్నీ కలిశాయి. కానీ నాకు ఆ గుడ్డే కళ్ళముందు ఉంది. మా నాయన కాలికి కూడా నేనే చించి కట్టేవాణ్ణి.

మీ యూనివర్సిటీ వాళ్ళు వచ్చి, నా కాలి క్రిమిని పరిశోధనకు తీసుకోవచ్చా అని సంతకం అడిగారు. పెట్టాను. పేరు రాయరట, నంబరు మాత్రమే వేస్తారట. కప్పకు పేరుంది, నా క్రిమికి నంబరా?

ఇంకోటి. నీళ్ళ సీసా మూత సరిగ్గా పెట్టుకోవడం నేర్చుకో. ఆరోజు నీ సంచి కారి ఒళ్ళంతా తడుపుకున్నావు. అట్లాంటిదానివి కప్పలెట్లా పట్టావు?

మామ


తిరుపతి,
అక్టోబర్ 20

మామకు నమస్కారాలు.

నువ్వు ప్రత్యేకంగా కుట్టించుకున్న చెప్పులతో వీధి చివరిదాకా నడిచావని అత్త చెప్పింది. చెంగయ్య మామ పక్కనే నడిచాడట. మాటలు కలిసినందుకు సంతోషం.

నీకొక విషయం చెప్పాలి. ఎట్లా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళు రాయలేదు.

నీ క్రిమి మా దగ్గరికి వచ్చింది. మా పెప్టైడ్‌ను దాని మీద వేశాను. మామూలు పళ్ళెంలో శుభ్రంగా చచ్చింది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. పని చేసే మందును పెట్టుకుని నీకివ్వలేదు, నీ వేళ్ళు పోయాయి అని తప్ప ఇంకో ఆలోచన లేదు. సార్‌కు అన్నీ చెప్పేశాను. ఆయన తిట్టలేదు. "పళ్ళెంలో ఉన్నది మనం కలిపిన నీళ్ళమ్మా, పుండులో ఉన్నది నీళ్ళు కాదు కదా. సీరం పోసి చూడు" అన్నారు. ఆ పరీక్ష మా వరసలో ఇంకా తర్వాత ఉంది. ముందుకు లాగి చేశాను. మనిషి రక్తంలోంచి తీసిన సీరం కలిపి, అందులో నీ క్రిమిని పెట్టి, మందు వేశాను.

చావలేదు. ఒక్కటీ చావలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. సీరంలో ఉండే ఉప్పు దాన్ని క్రిమికి అతుక్కోనివ్వడం లేదు, అతుక్కునేలోపే అక్కడి ఎంజైమ్‌లు పూసలదండను తెంపేస్తున్నాయి. నువ్వు గుడ్డ గురించి రాసింది గుర్తొచ్చింది. నేను కూడా శుభ్రమైన నీళ్ళలో చూసి మురిసిపోయాను.

కాబట్టి మామా, ఆ మందు నీ కాలికి పని చేసి ఉండేది కాదు. ఇచ్చి ఉంటే దాన్ని నమ్ముకుని నువ్వు ఇంకొన్నాళ్ళు ఇంట్లోనే కూర్చుని ఉండేవాడివి, గీత చీలమండ దగ్గర ఆగేది కాదు. ఇది రాస్తే నీకు ఊరటగా ఉంటుందని రాస్తున్నాను. నాకు మాత్రం మూడేళ్ళ పని పోయినట్టుంది. పూసలు ఒకటి రెండు మార్చి మళ్ళీ మొదలుపెడదాం అంటున్నారు సార్. ఈసారి ప్రతి మార్పునూ మొదటి రోజు నుంచే సీరంలో, నీ క్రిమి మీదే పరీక్షిస్తాం. అది మా ఫ్రీజర్‌లో ఉంది.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. అంత పట్టుబట్టి అడిగినవాడివి, ఆస్పత్రిలో ఆరోజు సీసా మాటే ఎత్తలేదు. ఆ తర్వాత ఉత్తరంలోనూ ఎత్తలేదు. నా మీద కోపం మనసులో పెట్టుకున్నావా?

చంద్రిక


నగరి,
నవంబర్ 3

చిరంజీవి చంద్రికకు మామ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. ఈసారి నిజంగానే.

రెండు మగ్గాలు చూసుకుంటున్నాను. మిగతా రెండూ మీ అత్త చూస్తోంది, నాకంటే బాగా చూస్తోంది, ఆ మాట ఆమెతో అనకు. స్టూలు ఒకటి పెట్టుకున్నాను. పోగు తెగినప్పుడు లేచి పోతాను, అతికి వచ్చి కూర్చుంటాను. మగ్గం వైపు మొహం పెట్టుకునే కూర్చుంటున్నాను. లేని బొటనవేలు అప్పుడప్పుడు దురద పెడుతుంది. గోకడానికి ఏమీ ఉండదు, ఒళ్ళు మండిపోతుంది.

నాకు ఊరట అని రాశావు. కలగలేదు. మంచి మందు దగ్గర పెట్టుకుని అడిగినప్పుడు పంపలేదన్న కోపం నీ మీద ఒకటి ఉండేది. వేలు దురద పెట్టినప్పుడల్లా దాన్ని తీసి చూసుకుని నిన్ను రెండు తిట్టుకునేవాణ్ణి, హాయిగా ఉండేది. ఇప్పుడు అది కూడా లేకుండా చేశావు. ఇక ఎవరిని తిట్టుకోను? చెంగయ్యను తిడదామంటే వాడు మళ్ళీ మాట మానేస్తాడు.

మూడేళ్ళ పని పోయిందనకు. ఎక్కడ తెగిందో తెలిసింది కదా. తెగిన చోటు తెలియక మగ్గం ఆపి కూర్చున్న రోజులు నాకు తెలుసు, వాటికంటే ఇది మేలు. నా క్రిమిని జాగ్రత్తగా పెట్టుకో. నా రెండు వేళ్ళు తిన్నది, దాన్ని తేలిగ్గా చావనివ్వకు. సీరంలో పోసి, ఉప్పులో పోసి, నీకు నమ్మకం కుదిరేదాకా చంపు.

ఇక నువ్వడిగిన మాట. ఎందుకు అడగలేదు అన్నావు. రాయకూడదనుకున్నాను, కానీ నువ్వు కోపమనుకుంటున్నావు కాబట్టి రాస్తున్నాను.

ఆరోజు రెబెకా అమ్మ కట్టు విప్పుతుంటే నీ సంచి నీ ఒళ్ళో ఉంది. కింద తడుస్తోంది. నువ్వు రెండు చేతులూ దాని మీదే పెట్టుకుని, నా పుండు వైపు చూస్తున్నావు. ఆమె ఆ గంజిగుడ్డ ఎత్తి చూపించగానే నీ మొహం తెల్లబోయింది. కాసేపటికి చీటీ రాయించుకురావాలని లేచి, "ఈ సంచి పట్టుకో మామా" అని నా చేతికిచ్చి పోయావు. నీళ్ళ సీసా కారితే సంచి అంత చల్లగా ఉండదు పాపా. చేతులు జిల్లుమన్నాయి. ఐసులోంచి తీస్తే పాడవుతుందని రాసింది నువ్వే కదా. లోపల ఏముందో విప్పి చూడలేదు. చూడాల్సిన పని లేదు.

నువ్వు మరిచిపోయి ఇచ్చావో, తెలిసే ఇచ్చావో నేను అడగను. నా చేతుల్లో ఉంది. నువ్వు తిరిగి వచ్చాక "ఇందులోది కొంచెం పొయ్యి" అంటే పోసేదానివి. అది నాకు బాగా తెలుసు, నీ మొహంలోనే ఉంది. అన్ని వారాలుగా అడిగింది అదే, నోటిదాకా వచ్చింది. కానీ ఎదురుగా ట్రేలో నా గుడ్డ ఉంది. మంచిదనుకుని నా చేత్తో మా నాయనకు కట్టాను, నాకు కట్టుకున్నాను. అది చూశాక ఇంకో మంచిదాన్ని నీ చేత్తో నా పుండు మీద పోయించుకోబుద్ధి కాలేదు. కాలు పోతే నేను కండెలు చుట్టుకునైనా బతుకుతాను. నీ మందు పోశాక నా కాలు పోయి ఉంటే, నువ్వు మళ్ళీ ఆ గాజు పళ్ళెం ముందు కూర్చోగలిగేదానివా?

అందుకే నువ్వు రాగానే సంచి నీ ఒళ్ళో పెట్టేశాను. నీళ్ళు కారుతున్నాయి చూసుకోమ్మే అన్నాను. నువ్వు సరే అన్నావు. అంతే.

ఈసారి వచ్చేటప్పుడు ఖాళీ సంచితో రా. నీకోసం మెత్తటి తెల్లగుడ్డ ఉంచాను. మీ అత్త వేడినీళ్ళలో నానబెట్టి, గంజి చుక్క లేకుండా ఉతికింది. చెంగయ్య నిన్ను అడిగానని రాయమన్నాడు. వాడి కాలికేమీ లేదు.

మామ
మురుగేష్